40 కిలోల బాక్సు, 3 కిలోబైట్ల ఫైలు

పోయిన కమిటీ మీటింగుకు వచ్చినవాళ్లకు ఈ పోస్టు ఎందుకో తెలుసు. రానివాళ్ల కోసం చెబుతున్నాను. మన సంఘం మేడమీద గదిలో, మడత కుర్చీల వెనకాల, నల్ల రెక్సిన్ వేసిన పెద్ద స్పీకర్ బాక్సు ఒకటుంది కదా. దాన్ని ఉగాదిలోపు తీసేయాలన్నారు సెక్రటరీ గారు. కుర్చీలకు చోటు చాలడం లేదు, అది నిజమే. అప్పుడు మన యూత్ వింగ్ పిల్లవాడు ఒకడు టిఫిన్ బాక్సంత యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అంకుల్, ఇందులో ఆంపు ఉంది, బాక్సు కూడా ఉంది. ఇలాంటివి వంద బాక్సులు ఉన్నాయి" అన్నాడు. నేను లేచి, అదంతా బొమ్మ వ్యవహారమనీ, అసలు బాక్సు గొంతు ఏ చిప్పులోకీ రాదనీ గట్టిగా వాదించాను. మీటింగు సగంలో ఆగిపోయింది. ఎవరిది తప్పో తేల్చి రాస్తానని మాట ఇచ్చాను. రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మన బాక్సు సంగతి. అందులో 12 అంగుళాల స్పీకర్లు నాలుగు. మార్షల్ కంపెనీ బాక్సును చూసి ఇక్కడి వడ్రంగి ప్లైవుడ్‌తో కొట్టినది. వెనక పలక మూసి ఉంటుంది. నాలుగు స్పీకర్లలో రెండు ఒక రకం, రెండు ఇంకో రకం. కాయిల్ కాలిపోయినప్పుడల్లా రిచీ స్ట్రీట్‌కు మోసుకెళ్లి కొత్త కాగితం వేయించారు. రాయపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి కాగితం మెత్తబడుతుంది, పలక ఉబ్బుతుంది. బరువు 40 కిలోలు. ఇద్దరు కలిసి మన మెట్ల మీద దాన్ని దించడం ఎంత కష్టమో శ్రీరామనవమి కచేరీలకు మోసినవాళ్లనడగండి. ఏళ్ల తరబడి దాని ముందు కూర్చుని వాయించినది మన గిటార్ మాస్టరు. ఆయనకిప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. మీటింగులో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అసలు ప్రశ్న ఇది. స్పీకర్ అనేది ఎక్కడో పుట్టిన శబ్దాన్ని బయటికి వదిలే గొట్టం మాత్రమేనా, లేక వాయిద్యంలో భాగమా? గొట్టమే అయితే దాని బదులు ఇంకో గొట్టం పెట్టుకోవచ్చు, గొడవే లేదు.

1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఇద్దరూ ఇవాళ మనం వాడే స్పీకర్ ఎలా ఉండాలో లెక్కలతో రాసి చూపించారు. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. కరెంటు వస్తే చుట్ట కదులుతుంది, కాగితం గాలిని తోస్తుంది. వాళ్ల కోరిక ఒక్కటే, వచ్చిన సంకేతం ఏ మార్పూ లేకుండా గాలిలోకి పోవాలి. రేడియో వినేవాడికి గాయకుడి గొంతు గాయకుడి గొంతులాగే వినపడాలి.

గిటార్ వాళ్లకు దొరికినవి ఆ రేడియో కాలపు స్పీకర్లే. వాటి లోపం ఏమిటంటే సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తాయి. సెలెస్టియన్ కంపెనీ తన జి12ఎం స్పీకర్‌కు ఇచ్చే లెక్క 75 నుంచి 5,000 హెర్ట్జ్. మనిషి చెవి 20,000 దాకా వింటుంది. పాటలు వినడానికి ఇది పనికిరాని స్పీకర్. కానీ గిటార్ ఆంపును గట్టిగా తిప్పితే శబ్దం చిట్లి, పైస్థాయిలో గరగరలు పుడతాయి. ఆ గరగరల్ని ఈ స్పీకర్ మింగేస్తుంది. స్పీకర్ లేకుండా ఆంపు శబ్దాన్ని నేరుగా మిక్సర్‌లో పెట్టి చూడండి, రేకు డబ్బాలో కందిరీగను మూసినట్టుంటుంది. అంటే రాక్ గిటార్ అని లోకం పిలిచే శబ్దంలో సగం పని ఈ "లోపం" చేసిపెట్టిందే.

1962లో లండన్ శివారు హాన్‌వెల్‌లో డ్రమ్ముల మాస్టరు జిమ్ మార్షల్, అమెరికన్ ఫెండర్ బాస్‌మన్ ఆంపు చూసి తనదొకటి చేయించాడు. ఫెండర్ బాస్‌మన్‌లో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనక తెరిచి ఉండేది. మార్షల్ 12 అంగుళాల సెలెస్టియన్లు నాలుగు వేసి వెనక మూసేశాడు. శబ్దం ముందుకు తోసుకొచ్చేలా తయారైంది. ద హూ బృందం పీట్ టౌన్‌షెండ్ 8 స్పీకర్లున్న ఒకే బాక్సు కావాలన్నాడు. మోసేవాళ్లు లబోదిబోమంటే దాన్ని రెండు ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఇవాళ పోస్టర్లలో కనబడే మార్షల్ స్టాక్ అలా పుట్టింది. మన మెట్ల మీద మనం పడ్డ కష్టం లండన్‌లో వాళ్లూ పడ్డారన్నమాట.

లోపాన్ని కావాలని తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1958లో లింక్ రే అనే అమెరికన్ గిటారిస్టు పెన్సిల్‌తో స్పీకర్ కాగితానికి చిల్లులు పొడిచి రికార్డు చేశాడు. 1964లో కింక్స్ బృందం డేవ్ డేవిస్ బ్లేడుతో కోశాడు. రైస్, కెల్లాగ్ ఈ పని చూసి ఏమనుకునేవాళ్లో!

ఇదంతా తెల్లవాళ్ల గోల అనుకోకండి. ఇదే ప్రశ్న మన కచేరీలకూ వచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతి చూడండి. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటితే టక్కున ఆగిపోయే శబ్దం. దాని మీద గమకం నిలవదు. ఆయన ఒంటి తీగలు ఐదు పెట్టిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, తర్వాత మన మద్రాసు సభలు, 1998లో పద్మశ్రీ. ఆ గట్టి చెక్క మాండలిన్‌ను కరెంటు లేకుండా వాయిస్తే మూడో వరసకు కూడా వినపడదు. సభలో జనం విన్నది పికప్, ఆంపు, స్పీకర్ కలిసి చేసిన శబ్దం. తోడి ఆలాపన విని కళ్లు తుడుచుకున్నవాళ్లెవరూ "ఇది స్పీకర్ గొంతు కదా" అనలేదు. వీణకు కాంటాక్ట్ మైకు పెట్టొచ్చా అన్న వాదన మాత్రం సభల్లో చాలాకాలం నడిచింది. శ్రుతిపెట్టె సంగతీ అంతే. బెంగళూరు రాడెల్ ఎలక్ట్రానిక్ తంబూరా వచ్చినప్పుడు ముక్కు విరిచినవాళ్ల ఇళ్లలో ఇవాళ ఫోన్ యాప్ మోగుతోంది.

సినిమా పాటల్లో గిటార్ విన్నది ఎలా? కోడంబాకం స్టూడియోలో ఆంపు బాక్సు ముందు మైకు పెట్టారు. ఆ శబ్దం టేపులోకి, అక్కడి నుంచి ఫిల్ము అంచున సౌండ్ ట్రాక్‌లోకి, అక్కడి నుంచి మన పేట మహారాణి థియేటర్ తెర వెనక స్పీకర్లలోకి. నేను "అసలు బాక్సు గొంతు" అని మీటింగులో గుండెలు బాదుకున్నానే, చిన్నప్పటి నుంచి నేను విన్నదంతా మైకు విని చెప్పిన బాక్సే. ఇది అర్థమయ్యాక నా వాదన కొంచెం నీరుగారింది.

బాక్సు లేకుండా బాక్సు శబ్దం తేవాలన్న ప్రయత్నం కొత్తదేం కాదు. 1982లో బోస్టన్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్, చదువుకు ఇంజనీరు, నడుముకు తగిలించుకునే రాక్‌మన్ అనే పెట్టె అమ్మాడు. హెడ్‌ఫోన్లలో వినడానికి. 1989లో న్యూయార్క్‌లో ఆండ్రూ బార్టా సాన్స్‌ఆంప్ చేశాడు. పేరులోనే "ఆంపు లేకుండా" అని ఉంది. ఇవి రెండూ ఫిల్టర్లు. పైస్థాయిని కోసి, మధ్యలో కాస్త ఎత్తి, స్పీకర్ శబ్దం ఏ ఆకారంలో ఉంటుందో సుమారుగా గీసేవి. మనిషి ఫోటో కాదు, నీడ బొమ్మ అనుకోండి. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అనే ఎర్రటి యంత్రం తెచ్చింది. అది డిజిటల్. దానితో చాలా ఇళ్లలో పడకగదే స్టూడియో అయింది. విన్నవాళ్లకు మాత్రం అందులో ఏదో ప్లాస్టిక్‌తనం తగిలేది, ముఖ్యంగా బాక్సు దగ్గర.

అసలు మలుపు గిటార్ వాళ్ల నుంచి రాలేదు, గుడి మండపాల్లాంటి పెద్ద హాళ్ల ప్రతిధ్వనిని కొలిచేవాళ్ల నుంచి వచ్చింది. ఖాళీ మండపంలో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఆ ఒక్క టప్ శబ్దం గోడలకు తగిలి, సాగి, మెల్లగా చనిపోతుంది. ఆ సాగుదలలో మండపం లక్షణమంతా ఉంది. దాన్ని రికార్డు చేసి పెట్టుకుంటే, ఏ పాటలోని ప్రతి చిన్న తునకనూ ఒక చప్పట్లాగా లెక్కగట్టి, ప్రతి తునకకూ ఆ సాగుదలను తగిలించి, అన్నీ కూడవచ్చు. పాట మండపంలో పాడినట్టే వస్తుంది. ఆ రికార్డు పేరు ఇంపల్స్ రెస్పాన్స్, గిటార్ పిల్లల భాషలో ఐఆర్. 1999లో సోనీ ఈ లెక్కను అప్పటికప్పుడే చేసే యంత్రం అమ్మింది. 2000లో ఇటలీ పార్మా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆంజెలో ఫరీనా చప్పట్లకు బదులు మంద్రం నుంచి తారస్థాయికి జారే ఒక్క ఈల శబ్దంతో కొలిచే పద్ధతి చూపించాడు. చప్పట్ల కన్నా ఎంతో శుభ్రంగా వస్తుంది.

మండపానికి పనికొచ్చింది చెక్క డబ్బాకు ఎందుకు పనికిరాదు? స్పీకర్ బాక్సు కూడా చిన్న మండపమే. దాని సాగుదల సెకనులో యాభయ్యో వంతుకల్లా చాలావరకు అయిపోతుంది. సెకనుకు 48,000 తునకలుగా కోస్తే 1,024 తునకలు చాలు. అంటే సెకనుకు 4 కోట్ల 91 లక్షల గుణకారాలు. ఒకప్పుడు ఇది పెద్ద యంత్రం పని. 2006లో ఫ్రాక్టల్ కంపెనీ ఆక్స్-ఎఫ్‌ఎక్స్, 2011లో జర్మనీ కెంపర్ వచ్చేసరికి వేదిక మీద పెట్టుకునే పెట్టెలో పని అయింది. ఇవాళ ఫోను చేసేస్తుంది. 2017లో సెలెస్టియన్ కంపెనీయే తన స్పీకర్ల ఐఆర్ ఫైళ్లు అమ్మడం మొదలుపెట్టింది. స్పీకర్ చేసేవాడే స్పీకర్ నకలు అమ్ముతున్నాడు, నేనేమని వాదించను?

అయినా వాదిస్తాను, ఎందుకంటే ఐఆర్ వదిలేసేవి ఉన్నాయి.

మొదటిది, అది ఒకే చోట నుంచి తీసిన ఫోటో. మైకును స్పీకర్ నడిబొడ్డున పెడితే శబ్దం పదునుగా, అంచుకు జరిపితే మెత్తగా వస్తుంది. ఒక వేలు వెడల్పు జరిపినా తేడా తెలుస్తుంది. బాక్సు నిజానికి ఒక్కో దిక్కుకు ఒక్కో మాట చెబుతుంది. దానికి ఎదురుగా మొదటి వరసలో కూర్చునే మన పెద్దల చెవుల్లో సూదులు, పక్కన కిటికీ దగ్గరున్నవాళ్లకు దుప్పటి కప్పుకుని వాయించినట్టు. ఏటా ఉగాదికి "గిటార్ ఎక్కువైంది" అనే చీటీ, "గిటార్ వినపడలేదు" అనే చీటీ రెండూ ఎందుకొచ్చేవో నాకిప్పుడు తెలిసింది. ఇద్దరూ నిజమే రాశారు.

రెండోది ఇంకా లోతైనది. మండపం గట్టిగా పాడినా మెల్లగా పాడినా ఒకలాగే స్పందిస్తుంది. స్పీకర్ అలా కాదు. మెల్లగా మీటితే కాగితం మొత్తం ఒక్కటిగా కదులుతుంది. బాదితే ముక్కలు ముక్కలుగా వణుకుతుంది, అంచు బిగుసుకుంటుంది. తీగచుట్ట వేడెక్కుతుంది. రాగి 100 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది, స్పీకర్ తీసుకునే కరెంటు తగ్గి శబ్దం కాస్త నొక్కుకుపోతుంది. వాల్వు ఆంపు అయితే స్పీకర్ దానితో ఎదురు మాట్లాడుతుంది కూడా. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ నిజంగా 8 ఉండదు. మంద్రస్థాయిలో ఒకచోట అనేక రెట్లు లేస్తుంది, పైకి పోయే కొద్దీ మళ్లీ పెరుగుతుంది. దాన్ని బట్టి ఆంపు తన శబ్దం మార్చుకుంటుంది. ఐఆర్‌లో ఇవేవీ ఉండవు. ఫరీనా పద్ధతిలోనే ఒక తమాషా ఉంది. ఆ జారే ఈల స్పీకర్ చిట్లిన శబ్దాన్ని అసలు శబ్దం నుంచి విడదీసి పక్కకు తోసేస్తుంది, మనం దాన్ని కత్తిరించి పారేస్తాం. కంపెనీ రోజుల్లో మన పేటలో గుడ్డను చలువ చేసినట్టు. గుడ్డకు మరక పోవడం మంచిదే. గిటార్‌కు ఆ మరకే రంగు. సెలెస్టియన్ వాళ్లు కూడా తర్వాత, గట్టిగా వాయించినప్పుడు స్పీకర్ మారే తీరును పట్టే వేరే నమూనాలు తెచ్చారు. మొదటి ఫైళ్లలో ఏదో లేదని అమ్మేవాళ్లే ఒప్పుకున్నట్టయింది.

మాటలెందుకని హాల్లో పరీక్ష పెట్టాం. ఆ కుర్రాడికి సౌండ్ తెలుసు, మైకు, లాప్‌టాప్ వాడివే. మన బాక్సుకే ఈల వినిపించి ఐఆర్ తీశాడు. వంద బాక్సుల జాబితాలో రెండు రకాల స్పీకర్లున్న, రిచీ స్ట్రీట్ కాగితం వేసిన, ఉప్పుగాలి తిన్న మన బాక్సు ఎక్కడుంటుంది మరి? తర్వాత బాక్సును మేడమీదే ఉంచి మైకు పెట్టి, దాని శబ్దాన్నీ ఫైలు శబ్దాన్నీ ఒకే ఎత్తులో, కింద హాల్లో మన మైక్‌సెట్టు స్పీకర్లలోనే వినిపించాడు. ఏది ఎప్పుడో మాకు చెప్పలేదు. నేను కాగితం మీద రాసుకున్నాను. సగం తప్పు. అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. మీటింగులో నేను ఆ పిల్లవాడితో మాట్లాడిన తీరుకు ఇక్కడ అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను.

తర్వాత మాస్టరుని మెల్లగా చేయి పట్టి మేడ ఎక్కించాం. ముందు వెనక్కి తిరిగి కూర్చుని విన్నారు. ఫైలు వచ్చినప్పుడు "ఇది నా బాక్సే నాయనా, మూడో స్పీకర్‌లో ముక్కు శబ్దం చూడు, అలాగే ఉంది" అన్నారు. నాకైతే ముక్కు శబ్దం ఎప్పుడూ తెలియలేదు. తర్వాత గిటార్ ఒళ్లో పెట్టుకుని ఫైలు మీద వాయించారు. కాసేపటికి ఆపేశారు. "శబ్దం ఉంది. వీపుకు తగిలేది లేదు" అన్నారు. బాక్సుకు మార్చాం. ఒక స్వరం మీటి పట్టుకున్నారు. బాక్సు గాలి తీగను మళ్లీ కదిపింది, ఆ స్వరం చావకుండా అలా నిలబడింది. ఆయన వేలు కొంచెం ఊపారు. కింద కుర్చీలు సర్దుతున్నవాళ్లు పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆ తోపు ఏ ఫైల్లోనూ ఉండదు, ఎందుకంటే అది శబ్దం నకలు సంగతి కాదు. నాలుగు పెద్ద కాగితాలు మనిషికి మూడడుగుల దూరంలో గాలిని తోస్తే వచ్చేది. చిన్న మానిటర్‌లోంచి ఎంత మంచి నకలు వినిపించినా తీగ అంత తేలిగ్గా కదలదు. కాబట్టి కమిటీకి నేను చెప్పేదిది. హాల్లో కూర్చున్నవాళ్లకు నకలు చాలు, ఇందులో నాకిక అనుమానం లేదు. వాయించేవాడికి చాలదు, ఇందులోనూ అనుమానం లేదు. నా మాటా కుర్రాడి మాటా రెండూ సగం సగమే.

ఇరుగుపొరుగు సంగతీ మర్చిపోకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు హద్దు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరే కూడదు. ఇలాంటి గిటార్ స్పీకర్ ఒక్కటి, ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 98 డెసిబెల్స్ దాకా అరుస్తుంది. గోడకు గోడ ఆనుకున్న మన వీధిలో రిహార్సల్ రాత్రుళ్లు ఎన్నిసార్లు తలుపు తట్టించుకున్నామో లెక్కలేదు. పిల్లలు ఇక మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఐఆర్ మీద సాధన చేసుకోవాలి. ఉగాది రోజు మైక్‌సెట్టులోకి కూడా ఫైలే వెళ్లాలి, అప్పుడు మొదటి వరసకూ కిటికీ పక్కకూ ఒకే శబ్దం అందుతుంది. ఆ రెండు రకాల చీటీలూ ఆగిపోతాయి.

బాక్సును పాత సామానుకు వేయవద్దు. మాస్టరు ఇంట్లో చోటుందట, మెట్లు లేవు, కిందిల్లే. ఆయన అడగలేదు, వాళ్ల అమ్మాయి నాతో చెప్పింది. సంఘం డబ్బుతో కొన్నది కాబట్టి తీర్మానం కావాలి. వచ్చే ఆదివారం మీటింగులో నేను ప్రతిపాదిస్తాను, బలపరచడానికి ఒకరు కావాలి. మోయడానికి నలుగురు కావాలి. ఫైలు కావలసినవాళ్లు వాట్సాప్‌లో అడగండి, పంపిస్తాను. 3 కిలోబైట్లే, డౌన్‌లోడ్ అయిందో లేదో కూడా తెలియదు.